వలసపొర

"ఇవి మీ చెప్పులు కావత్తయ్యా," అంది ఉత్పల.

"కాకపోతే ఎవరివే? ఆస్పత్రి నుంచి వచ్చేక మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసి కొనిపెట్టేరు కదా," అంది రాజ్యం, నడవాలో కుర్చీలో కూర్చుని కాళ్లు చాపుతూ.

"కొన్నవి ఇవే. అరగదీసింది మీరు కాదు."

ఉత్పల ఎడమ చెప్పు తిరగేసి వెలుతురుకి పట్టింది. మడమ బయటి అంచు కాగితంలా పలచబడింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచీ అత్తగారి చెప్పులు ఎక్కడ అరుగుతాయో ఆమెకి తెలుసు. బొటనవేలి కింద, లోపలి వైపు. రాజ్యం ఉద్యోగమంతా కదిలే బస్సులో నిలబడి చేసిన కండక్టరు ఉద్యోగం. బ్రేకు పడితే తూలకుండా వేళ్లు నేలకి తొక్కిపట్టి నిలబడే అలవాటు పదవీ విరమణ చేసినా పోలేదు. ఆ అలవాటు ఈ చెప్పుల్లో ఎక్కడా లేదు.

"పక్కింటి భాగ్యవతి గారికి ఇచ్చేరేమో, గుర్తు చేసుకోండి."

"నా చెప్పులు నేనింకొకళ్లకెందుకిస్తాను? అరిగితే అరిగేయంటారు గానీ, ఎవరు అరగదీసేరని పోలీసు విచారణేంటి? మీ ఆఫీసు పని ఆఫీసులో పెట్టుకో."

"నానమ్మా, నా రబ్బరు ముక్క చూసి పరీక్షలో ఎన్ని తప్పులు రాసేనో చెప్పీసింది అమ్మ. నీ చెప్పులొక లెక్కా?" అంది హిమజ, జడ వేసుకుంటూ.

ముకుందం తల తుడుచుకుంటూ వచ్చాడు. "పొద్దున్నే చెప్పుల పంచాయితీ ఏంటి? కొత్తవి కొనుక్కుంటే పోలేదూ?"

"కొత్తవి కావాలని ఎవరడిగేరు?" అన్నారు అత్తాకోడళ్లిద్దరూ ఒక్కసారే.

ముకుందం ఉత్సాహంగానే ఉన్నాడు. తల్లి రక్తపరీక్ష ఫలితం ముందురోజే వచ్చింది. కొత్త తుంటి వేసి మూడు నెలలు కావొస్తున్నా రక్తంలో తుంటి అరిగిన రజను లేదు. అణువంత కూడా లేదు. ఆ సంగతి మేడమీద వాళ్లకీ కిందవాళ్లకీ చెప్పి మిఠాయి పంచాడు. ఉత్పల చేతిలో పెట్టిన ముక్క సగం అలాగే ఉండిపోయింది.

రాజ్యం విసురుగా లేచి వంటింటివైపు నడిచింది. గుమ్మం దగ్గర ఎడమ భుజం కాస్త వెనక్కి తిప్పి, పక్కవాటుగా లోపలికి వెళ్లింది. గుమ్మం ఇద్దరు పట్టేంత వెడల్పుంది. ఆమె ఎడమచెయ్యి నడుముకి దూరంగా, దేన్నో చుట్టి పట్టుకున్నట్టు వంగి ఉంది. ఒక అడుగు బరువుగా పడుతోంది, రెండోది దాని వెనకే నేలని రాసుకుంటూ వస్తోంది. వంటింట్లో ఎవరో కొత్త మనిషి తిరుగుతున్నట్టే ఉంది చప్పుడు.

ఉత్పల చెప్పు కింద పెట్టి చేతులు కడుక్కుంది.

*

తిరుగుశాలకి ట్రాము కొండెక్కుతుంటే, కింద సముద్రం పాత బీచి రోడ్డుమీదికి వచ్చి వెనక్కి పోతోంది. కొత్త లోహం రావడం ఆగిపోయాక కట్టిన శాల అది. భూమిలో ఉన్నది తవ్వేసుకున్నాక మనుషుల్లో ఉన్నదే మిగిలింది. చితి ఎక్కించేముందు తుంటిలో వేసిన గుండు తీసి పళ్లెంలో పెట్టి ఇక్కడికి పంపుతారు. గుండు లోహం. మనిషి తరవాత మనిషికి పనికొస్తుంది. అది తిరిగే గిన్నె మాత్రం ప్లాస్టిక్కు, ఎవరికి వాళ్లకి కొత్తది పోస్తారు.

మెత్తనిది గట్టిదానిమీద జారితే మెత్తనిదే అరుగుతుందని చిన్నపిల్లలకైనా తెలుసు. ఉత్పల ఉద్యోగం ఆ తరవాతి సంగతి గురించి. అరిగిందంతా రజనై రాలిపోదు. కొంత గుండుకే అంటుకుంటుంది. నున్నగా మెరిసే లోహం మీద కూడా కంటికి కనపడని గీతలుంటాయి, గుంటలుంటాయి. వాటిలోకి దిగి, నిండి, పలచగా పరుచుకుంటుంది. అదే వలసపొర. అది కుదురుకున్నాక ప్లాస్టిక్కు జారేది లోహం మీద కాదు, తనమీద తనే. ఇక అరుగుదల ఆగిపోయినంత పనవుతుంది.

అంత మంచి పొరని తుడిచెయ్యడమే ఆ శాలలో పని.

ఎందుకంటే ఆ పొరకి ఒక వాటం ఉంటుంది. దువ్విన జుట్టు ఒకవైపుకి పడుకున్నట్టు, అది కూడా మనిషి నడిచిన వైపుకే పడుకుంటుంది. కొత్తవాళ్ల కాలు అదే దారిలో పడితే నూనె రాసినట్టు జారుతుంది, అడ్డంగా పడితే కొరుకుతుంది. కాలు ఎప్పుడూ సుఖం ఉన్న వైపుకే పోతుంది. కొన్నాళ్లకి, పోయినవాళ్ల నడక బతికున్న మనిషి నడుస్తాడు. మొదటి రోజుల్లో ఒక ఊళ్లో, చనిపోయిన ఆవిడ అడుగుల చప్పుడు వీధిలో వినపడి, ఇంట్లోవాళ్లు విస్తళ్ల ముందునుంచి లేచి పరిగెత్తారు. వెళ్తున్నది ఎవరో పరాయి ఊరి టీచరమ్మ. తుడుపు చట్టం ఆ తరవాతే వచ్చింది.

ఉత్పల గానుగ దగ్గర కూర్చుంది. ఆ యంత్రానికి కంపెనీ వాళ్లు పెట్టిన పేరు పెద్దదే. రోజంతా గుండ్రంగా తిరుగుతుందని శాలలో అందరూ గానుగనే అంటారు. తుడిచిన గుండుని గిన్నెలో పెట్టి తిప్పి, తెరమీద రాపిడి గీత తిన్నగా ఎక్కుతోందో లేదో చూడటం ఆమె పని. మొదటి గుండు ఎక్కించేలోపే పర్యవేక్షకురాలు కౌముది వచ్చింది. వెనకాల తుడుపుచక్రం నడిపే పైడిరాజు.

"దసరా తరవాత ఇక్కణ్నుంచి గుండ్లు వెళ్లినవాళ్లలో కొందరి రక్తంలో రజను లేదు," అంది కౌముది.

"మంచిదే కదా మేడమ్. మనం బాగా తుడిచేమన్నమాట," అన్నాడు పైడిరాజు.

"బాగా తుడిస్తే రజను ఉండాలి పైడిరాజూ. పొర పోయి బోడిలోహం మిగిలితే కొత్త గిన్నె కొన్ని నెలలు రాలకుండా ఉంటుందా? లేదూ అంటే వాటిమీద పొర అలాగే ఉందన్నమాట."

ఉత్పలకి ముందురోజు మిఠాయి ముక్క దగ్గర ఆగిపోయిన ఆలోచన అదే.

"తుడవని పళ్లెం తలుపు దాటి ఎలా పోతుంది?" అంది కౌముది. "తుడుపయితే చక్రమే పళ్లెం మీద పసుపు చుక్క వేస్తుంది. చుక్క చూడందే గుమ్మంమీది యంత్రం కన్ను తలుపు తియ్యదు. కన్ను పాడవలేదు, నేను రెండుసార్లు చూశాను."

పైడిరాజు చక్రంకేసి చూశాడు. దాని నుదుటన ఎండి, బీటలువారిన పసుపూ కుంకుమా ఇంకా ఉన్నాయి.

"మేడమ్," అన్నాడు నెమ్మదిగా, "ఆయుధపూజ."

"అయితే?"

"చక్రానికెట్టేం. గానుగకెట్టేం. కన్నుకి కూడా దండేసేం. ఆయేళ తుడుపుకొచ్చిన పళ్లేలు ఆ మూలనున్నాయి. అయ్యి కూడా మన పనిముట్లే కదాని బొట్లెట్టేం. మీరే గదా మేడమ్ పసుపు తడిపేరు."

కౌముది ఆ పక్కనున్న బల్లమీద కూర్చుంది.

"పండగ సెలవయ్యేక వొచ్చి చూస్తే పళ్లేలు లేవు. బండోళ్లు అట్టుకెళ్లిపోయేరు గదా, మరి తుడుపూ గానుగా అయిపోయేయనుకున్నాను," అన్నాడు పైడిరాజు. "కన్నుదేటి తప్పు? అది కూడా మనలాగే బొట్టు చూసి నమ్మీసింది."

కౌముది లేచి, మామూలు గొంతుతో చెప్పింది. "రేపు మధ్యాహ్నం పేర్లు ఆస్పత్రులకి పంపుతాను. అందర్నీ పిలిపించి, మళ్లీ తెరిచి, గుండు తీసి తుడిచి పెడతారు."

"మళ్లీ కొయ్యడమా?" అంది ఉత్పల. "వాళ్లలో పెద్దవాళ్లున్నారు మేడమ్. ఎముక ఇప్పుడిప్పుడే పట్టు దొరికించుకుంటోంది. బోడిగుండు పెడితే రజను మొదలవుతుంది, రజను చేరినచోట ఎముక కరుగుతుంది. ఇప్పుడు హాయిగా తిరుగుతున్నవాళ్లని తీసుకొచ్చి..."

"హాయిగా తిరుగుతున్నది ఎవరు ఉత్పలా?"

ఉత్పల ఎక్కించబోయిన గుండుని మళ్లీ పళ్లెంలో పెట్టింది.

"చట్టం రాకముందు మా నాన్న గుండు వేయించుకున్నారు," అంది కౌముది. "కొన్నాళ్లకి, ఆయన వరండాలో నడిచివస్తుంటే మా అమ్మ గబుక్కున పైట సర్దుకుని లేచి నిలబడేది, ఎవరో పరాయి మగాడు వస్తున్నాడని. మనిషి కనపడ్డాక సిగ్గుపడేది. ఆయన పోయేదాకా అలా లేచి నిలబడుతూనే ఉంది. ఒక్కరోజు కూడా అలవాటు పడలేదు." బల్లమీది పళ్లెం సర్దింది. "మీ అత్తగారిది దసరా తరవాతే కదా?"

"అవును మేడమ్."

"రేపు మీరే తీసుకురండి. ఇంటిమనిషి చెబితే భయం తక్కువుంటుంది."

ఆ రోజంతా గానుగ తిరుగుతూనే ఉంది, గీతలు తిన్నగానే ఎక్కాయి. ఉత్పలకి మాత్రం తుంటి వేసిన డాక్టరు మాటే చెవిలో తిరిగింది. ఎముక అప్పడంలా ఉందమ్మా, ఈసారికి ఎలాగో నిలబెట్టాను, మళ్లీ తెరిచే అవసరం మాత్రం తెచ్చుకోకండి. తీసుకెళ్తే అత్తగారు మంచాన పడొచ్చు. తీసుకెళ్లకపోతే ఆ ఇంట్లో ఇంకెవరో నడుస్తూ ఉంటారు, అత్తగారి నడక ఎప్పటికీ తిరిగిరాదు.

*

సందు మొదట్లో ట్రాము దిగేసరికి దీపాలు వెలుగుతున్నాయి. వాళ్ల మెట్ల కింది అరుగుమీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఉత్పలని చూసి లేచి, భుజంమీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎవరు కావాలండీ?"

"ఎవరూ వొద్దు తల్లీ. కూకున్నాను, అంతే. ఎల్లిపోతాను."

పైన వరండాలో రాజ్యం బట్టలు తీస్తోంది. బరువైన అడుగు, దాని వెనకే రాసుకుంటూ వచ్చే అడుగు. ముసలాయన కళ్లు మూసుకున్నాడు. చప్పుడు లోపలికి వెళ్లిపోయేదాకా తెరవలేదు.

"మీ పేరేంటి?" అంది ఉత్పల.

"లచ్చుంనాయుడంటారు. పెదజాలారిపేట. పైనున్నావిడ మీకేటవుతారు?"

"మా అత్తగారు."

"మంచిది." అతను తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు. "మా ఇంటిది నూకాలు అలాగే నడిచీది తల్లీ. ఎండుచేపల గంప ఎడం పక్కన నడుమ్మీదెట్టుకుని ఈధులన్నీ తిరిగీది. దించమంటే దించీది కాదు. గుమ్మాల్లోంచి గంప తగలకండా పక్కకి తిరిగి దూరీది. గంప లేనప్పుడు కూడా అలాగే దూరీది, నవ్వీవోణ్ని. సచ్చిపోయేక గుండు తీసుకెళ్తూ సెప్పేరు, తుడిచీసే ఇంకోళ్లకిత్తామని. ఏలుముద్ర ఏసేను. ఏడిసీసి ఊరుకున్నాను. మొన్న రైతుబజార్లో కూరలకాడ నిలబడితే, ఎనకనించి నూకాలు వొత్తంది."

ఉత్పల మెట్ల కమ్మీ పట్టుకుంది.

"తిరిగి సూత్తే మీ అత్తగారు. మనిసి ఆవిడే, నాకు తెలుసు తల్లీ, నాకు పిచ్చిలేదు. నానేటీ అడగను. మాటాడను కూడా. పొద్దోయేళ ఇక్కడ కాసేపు కూకుని ఇని ఎల్లిపోతాను. మీకు కట్టంగా ఉంటే సెప్పీండి, రాను."

చట్టం ప్రకారం ఆమె చెప్పాల్సినమాట ఒకటుంది. గుండు ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ ఎదురుపడకూడదు. ఆమె నోరు తెరిచింది గానీ వచ్చిన మాట వేరే.

"మంచులో కూర్చోకండి. లోపలి మెట్టుమీద కూర్చోండి," అంది.

*

అన్నాల దగ్గర చెప్పేసింది. వంకాయకూర వడ్డిస్తూ మొదలుపెట్టి, చారుగిన్నె తెచ్చేసరికి అంతా అయిపోయింది: పసుపు బొట్లూ, తుడవని పళ్లేలూ, రేపు తీసుకురమ్మన్న మాటా, మెట్టుమీద కూర్చున్న మనిషీ. అత్తగారి మొహంలోకి చూడకుండా చెప్పింది.

హిమజ కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేసింది. "అంటే నానమ్మ కాలిలో..."

"తప్పదు, రేపు వెళ్దాం," అన్నాడు ముకుందం. "ఎముక సంగతి డాక్టర్లు చూసుకుంటారు. ఎవరిదో నడక మా అమ్మ కాలికి... నాకొద్దు. అమ్మ నడిచొస్తుంటే నాకు తెలియడం లేదు ఉత్పలా. నెలనుంచీ తెలియడం లేదు. కొత్త కాలు కదా, సర్దుకుంటుందిలే అని నాకు నేనే చెప్పుకుంటున్నాను."

"నాకు ముందే తెలుసు," అంది రాజ్యం.

ముగ్గురూ ఆమెకేసి చూశారు. ఆవిడ పెరుగు కలుపుకుంటోంది.

"ఇల్లాంటిదని తెలీదు. ఏదో ఉందని తెలుసు. గుమ్మం దగ్గరికొచ్చేసరికి నా ప్రమేయం లేకుండా పక్కకి తిరుగుతాను. మీరెవరైనా చూసేరేమోనని సిగ్గేసేది. నడుం ఎడమపక్కన ఏమీ ఉండదు గానీ, బరువుగా ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి ఇంకా బరువు. ఓసారి చెయ్యి కిందకి దించుదామని చూసేను. దించితే అదేదో కిందపడి చెదిరిపోతుందన్నట్టు భయమేసింది. దించలేదు." ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా తిన్నది. "పొద్దున్న చెప్పుల గొడవలో నువ్వన్నది నిజమే. ఒప్పుకోబుద్ధి కాలేదు, అంతే."

"ఆ మనిషి మీ వెనకాల వస్తున్నట్టు..."

"తెలీకేం? మొదట జేబుదొంగనుకున్నాను. సర్వీసులో ఎంతమందిని చూసేను. నేనాగితే ఆగిపోతాడు, నడిస్తే కళ్లు మూసుకుని నడుస్తాడు. గోతిలో పడతాడేమోనని నేనే మెల్లగా నడుస్తున్నాను ఈమధ్య."

హిమజ నవ్వబోయి మానేసింది.

రాజ్యం ఎంగిలిచెయ్యి పట్టుకునే లేచింది. "ఉప్పు చాల్లేదు," అంది. ఉప్పుడబ్బా వంటింట్లో ఉంది. ఆవిడ వంటింటికి వెళ్లలేదు. తలుపు తీసుకుని వరండాలోకి వెళ్లి, ఈ చివరనుంచి ఆ చివరకి నడిచింది, మళ్లీ వెనక్కి వచ్చింది. చీకట్లో ఆ అడుగులు దూరమై దగ్గరవుతుంటే, ఉత్పలకి అత్తగారు కనపడలేదు. నడుంమీద ఎండుచేపల గంప, ఉప్పువాసన, ఏదో వీధి మలుపు. తను ఎన్నో ఏళ్లుగా గానుగకెక్కిస్తున్న గుండ్లన్నిటిమీదా, చక్రం తుడవకముందు, అలాంటి వీధులుండేవని ఆ క్షణం దాకా ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు. రాపిడి గీత తిన్నగా వచ్చిందా లేదా అనే చూసింది.

కిందమెట్టు దగ్గర ఎవరో ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

రాజ్యం వచ్చి కంచం ముందు కూర్చుంది. "నేను తెరిపించుకోను," అంది.

"అమ్మా, చట్టం ఉంది."

"ఉండనీ. టికెట్టు లేకుండా ఎక్కిన ఆడమనిషిని రాత్రిపూట మధ్యదారిలో దించడం నా సర్వీసులో లేదురా. స్టేజీ వచ్చేదాకా కూర్చోబెట్టేదాన్ని. మెమో ఇచ్చేరోసారి, అయినా దించలేదు. ఇప్పుడు దించుతానా? ఆవిడ గంప పట్టుకునుంది, చూడు."

"నీ నడక పోయిందమ్మా," అన్నాడు ముకుందం. గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

రాజ్యం కొడుకు కంచంలో కూర వేసింది. "ఎక్కడికీ పోలేదు. కొంచెం సర్దుకుని కూర్చుంది." ఉత్పల వైపు తిరిగింది. "తుడవడం నీ పని కాబట్టి నీకే చెబుతున్నాను. నేను పోయేక ఈ గుండు మీ బల్లమీదికే వస్తుంది. తుడవకు. ఇన్నాళ్లూ దానిమీద నేనూ తిరిగేను, నాదీ కొంత అంటుకునే ఉంటుంది. ఇద్దర్నీ కలిపే పంపించు."

"అలా కుదరదత్తయ్యా. గానుగమీద గీత చెదురుతుంది. అలాంటిది ఎవరూ పుచ్చుకోరు."

"ఎవరూ పుచ్చుకోరని ఎవరు చెప్పేరు? ఎప్పుడైనా, ఎవర్నైనా అడిగేరా?"

ఉత్పల చేతిలో గరిటె చారుగిన్నె మీదే ఆగిపోయింది. కౌముది అడగలేదు. చట్టం రాసినవాళ్లు అడగలేదు. వేలిముద్ర వేయించుకున్నవాళ్లు లచ్చుంనాయుణ్ని అడగలేదు. పరాయి మగాడనుకుని లేచి నిలబడిన కౌముది తల్లిని కూడా ముందుగా ఎవరూ అడిగి ఉండరు.

ఆమె గరిటె కింద పెట్టింది.

"రేపు సెలవు పెడుతున్నాను," అంది. "మధ్యాహ్నం పేర్లు పంపేలోగా శాల చిట్టాలో అడ్రసులు తీసుకుని, ఆ గుండ్లు వేయించుకున్న ప్రతి ఇంటికీ వెళ్తాను. ఆ నడక కావాలో వద్దో వాళ్లనే అడుగుతాను. వద్దన్నవాళ్ల పేర్లే మేడమ్‌కి ఇస్తాను."

ముకుందం తలెత్తాడు. "ఉద్యోగం పోతుంది ఉత్పలా."

"పోవచ్చు."

"ఒక్కదానివే ఎలా తిరుగుతావు అన్ని ఇళ్లు?" అంది హిమజ.

"ఒక్కర్తే ఎందుకు?" అంది రాజ్యం, నడుం పక్కన వంగిన ఎడమచేతిని సర్దుకుంటూ. "మేమూ వస్తాం."